కౌలు రైతు పేరు ఏ జాబితాలో ఉంది?

పాసుపుస్తకంలో కౌలు రైతు పేరు ఉండదు. బ్యాంకుకు పోతే పట్టా ఏదని అడుగుతారు. 2018లో మొదలైన రైతుబంధు డబ్బు పట్టాదారు ఖాతాలో పడింది గానీ, ఆ చేను దున్నినవాడికి పైసా రాలేదు. ఇన్ని కాగితాల్లో లేని మనిషి భూస్వామితో సమానంగా నిలబడేది ఓటరు జాబితాలో. దానికి గుంట భూమి కూడా అక్కరలేదు. ఈ దేశ పౌరుడై, 18 ఏళ్లు నిండి, ఆ ఊళ్లో కాపురముంటే చాలు. ఊళ్లో సొంత ఇల్లున్నంత మాత్రాన ఎవరూ ఆ ఊరి నివాసి కారని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం చెబుతోంది. పట్నంలో కాపురముండి కౌలు వసూలుకు మాత్రం వచ్చే ఆసామికి ఇక్కడ ఓటు లేదు, ఆయన పొలం చేసేవాడికి ఉంది.

అలాంటి జాబితాను మనం ఎప్పుడు చూస్తున్నాం? పోలింగు నాడు, బూతు ముందు!

'కార్డు ఉంది గదా' అనేవారు ప్రతి ఊళ్లో ఉన్నారు. కార్డు గుర్తింపు కోసమే. జాబితాలో పేరు లేకపోతే దాన్ని జేబులో పెట్టుకుని ఇంటికి రావాల్సిందే. 2018 డిసెంబరు 7న తెలంగాణలో అదే జరిగింది. పేర్లు గల్లంతయ్యాయని జనం నిలదీస్తే రాష్ట్ర ఎన్నికల ప్రధానాధికారి క్షమాపణ చెప్పారు. క్షమాపణతో ఆనాటి ఓటు తిరిగి రాలేదు. 2025లో బీహార్‌లో జాబితా సవరిస్తే ముసాయిదాలో సుమారు 65 లక్షల పేర్లు లేవు. కారణాలతో సహా ఆ పేర్లు ప్రకటించమని సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

మన దగ్గర ముందుగా ఎగిరిపోయేవి వలసపోయిన వాళ్ల పేర్లే. పాలమూరు నుంచి, అనంతపురం నుంచి పనికి పోయినవాళ్ల ఇంటికి తాళం కనబడితే 'ఊళ్లో లేరు' అని రాసుకుపోతారు. తాత్కాలికంగా బయటికి పోయినంత మాత్రాన నివాసం పోదని అదే చట్టంలో ఉంది. ఆ మాట అధికారికి చెప్పాల్సింది ఊళ్లో మిగిలిన మనమే.

ఓటుతో ఏమొరుగుతుందని అడిగేవారు 2019 నిజామాబాద్ గుర్తు చేసుకోవాలి. పసుపు, ఎర్రజొన్న రైతులు 178 మంది లోక్‌సభకు పోటీ చేశారు. మొత్తం 185 మంది అభ్యర్థులు కావడంతో ఒక్కో బూతులో 12 బ్యాలెట్ యూనిట్లు కలపాల్సి వచ్చింది. సిట్టింగ్ ఎంపీ ఓడిపోయారు. పసుపుకు మద్దతు ధర ఇంకా రాలేదన్నది నిజమే, బోర్డు కూడా 2025 జనవరికి గానీ మొదలు కాలేదు. కానీ దేశమంతా పసుపు రైతు గోడు విన్నది ఆ బ్యాలెట్ వల్లనే. ఓటరు కాని రైతు నామినేషన్ వేయలేడు, ఇంకొకరిని ప్రతిపాదిస్తూ సంతకమూ చేయలేడు.

ధర్నాకు ట్రాక్టర్లు కట్టడానికి రెండు రోజులు తిరుగుతాం. జాబితా చదవడానికి ఒక పూట దొరకదా? గ్రామ శాఖ కార్యకర్తలు బీఎల్ఓ దగ్గర జాబితా తీసుకుని రచ్చబండ దగ్గర పైకి చదవాలి. కొత్తవారికి ఫారం 6, తప్పులకూ చిరునామా మార్పుకూ ఫారం 8. కాపురానికొచ్చిన కోడళ్ల పేర్లు ఇంకా పుట్టింటి ఊళ్లోనే ఉంటాయి, వాటిని మార్పించండి. 18 నిండిన పిల్లలకు జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు ఒకటో తేదీలు లెక్క. మనవాళ్ల పేరు మీద ఎవరైనా ఫారం 7 పెడితే తొలగించకముందే అభ్యంతరం చెప్పండి. నామినేషన్ల గడువు దాటితే ఆ ఎన్నికకు పేరు ఎక్కదు.

వచ్చే మండల సమావేశానికి ప్రతి శాఖ పేరు లేని సభ్యుల వివరాలు రాసుకుని రావాలి. కౌలుదార్ల పేర్లు విడిగా రాయండి.