మీటరు లేని నమ్మకాలు

బాబా గాలిలోంచి విభూతి తీస్తే మనం ముందు అడిగేది ఒకటే: చెయ్యి చూపించు అని. కరెంటు సంస్కరణల దగ్గరకు వచ్చేసరికి మాత్రం మన హేతువాద మిత్రులే రెండు మఠాలుగా చీలిపోతారు. ప్రైవేటుకిస్తే అన్నీ సర్దుకుంటాయని ఒక మఠం. ప్రభుత్వం చేతిలో ఉంటే చాలు, అది ప్రజలదేనని రెండోది. మొన్న మా సమావేశంలో ఈ వాదన రెండు గంటలు సాగింది. ఒక్కరూ లెక్క అడగలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఒరిస్సా సంగతి చూద్దాం. ప్రపంచ బ్యాంకు సాయంతో దేశంలో మొట్టమొదట విద్యుత్ బోర్డును విడగొట్టిన రాష్ట్రం అది. 1996 ఏప్రిల్‌లో సంస్కరణలు మొదలయ్యాయి. 1999లో నాలుగు పంపిణీ సంస్థలూ ప్రైవేటు చేతికి వెళ్ళాయి: మూడు బి.ఎస్.ఇ.ఎస్.కు, ఒకటి అమెరికా కంపెనీ ఏ.ఇ.ఎస్.కు. ఆ అక్టోబరులోనే మహా తుపాను వచ్చి లైన్లు నేలకూల్చింది. 2001లో ఏ.ఇ.ఎస్. వదిలేసి వెళ్ళిపోయింది. మిగిలిన మూడింటి లైసెన్సులనూ నియంత్రణ మండలి 2015లో రద్దు చేసింది. చివరకు 2020-21లో నాలుగూ టాటా పవర్ చేతికి వచ్చాయి.

కాబట్టి ప్రైవేటు విఫలం అని తేల్చేద్దామా? తొందరపడకండి. ఢిల్లీలో 2002లో పంపిణీని ప్రైవేటుకిచ్చారు. అప్పట్లో అక్కడ సరఫరా చేసిన కరెంటులో దాదాపు సగానికి డబ్బు రాలేదు. ఇప్పుడు ఆ నష్టం 10 శాతం లోపే.

ఒకే మందు ఒకచోట పనిచేసి, మరోచోట వికటించిందంటే మందు పేరు జపించి లాభం లేదు. రోగిని చూడాలి. ఒరిస్సాలో నష్టాలు 40 శాతం దగ్గర ఉంటాయని అంచనా వేసుకుని దిగారు. తీరా చూస్తే అవి సగానికి దగ్గరగా ఉన్నాయి. వినియోగదారుల్లో ఎక్కువమంది చెల్లాచెదురుగా ఉన్న పల్లెల వాళ్ళు. ప్రభుత్వమేమో సబ్సిడీ నుంచి తప్పుకుంది. ఢిల్లీ ఇరుకైన నగరం. అక్కడ నష్టాల తగ్గింపునే షరతుగా పెట్టారు, మొదటి ఐదేళ్ళూ ప్రభుత్వం వేల కోట్లు సాయం చేసింది. అయినా ఛార్జీల్లో వసూలు చేయకుండా వాయిదా వేసిన బాకీలు కొండలా పెరిగాయి. వాటిని గడువులోగా తీర్చాలని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఆ బాకీ చివరకు వినియోగదారుడి నెత్తినే పడుతుంది.

ఇక మన దగ్గరకు వద్దాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 ఫిబ్రవరి 1న బోర్డు జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడిపోయింది. 2000లో ఛార్జీలు పెంచారు. ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో నిరసనకారులపై పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. 2004లో రైతులకు ఉచిత విద్యుత్ వచ్చింది. ఇన్ని మార్పుల్లోనూ మారనిది ఒకటుంది: చాలా పంపుసెట్లకు మీటర్లు లేవు. రైతు ఎంత వాడాడో అంచనాయే.

కొలవని చోట ఏ అంకె అయినా వేయవచ్చు. ఊళ్ళో కొక్కేలు తగిలించిన దొంగ కరెంటు, పాత లైన్లలో పోయేది, పెద్దమనుషుల బకాయిలను చూసీచూడనట్టు వదిలేయడం వల్ల వచ్చే నష్టం, అన్నీ రైతు ఖాతాలో రాసేసినా అడిగేవాడు లేడు. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే చందాలు వేసుకుని ట్రాక్టరులో మోసుకెళ్ళిన రైతుకే "ఉచితంగా మింగేస్తున్నాడు" అన్న నింద అదనం.

మీటరంటే రైతుకు భయం. నేను తప్పుపట్టను. ఇవాళ మీటరు, రేపు బిల్లు అని అతను అనుభవంతో అంటున్నాడు. కానీ కొలవడం వేరు, వసూలు చేయడం వేరు. ఒక్కో పంపుసెట్టుకు కాకుండా, వాటికి కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మరుకే మీటరు పెట్టవచ్చు. గుజరాత్ 2003లో మొదలుపెట్టిన జ్యోతిగ్రామ్‌లో పంపుసెట్ల ఫీడర్లను ఇళ్ళ ఫీడర్ల నుంచి వేరుచేసింది. వేరు చేస్తే లెక్క తేలుతుంది. రైతుకు ఉచితంగా ఇవ్వాలా వద్దా అన్నది రాజకీయ నిర్ణయం. ఇవ్వాలనే నా ఉద్దేశం. ఎంత ఇచ్చామో బడ్జెట్‌లో బాహాటంగా చూపి, ఆ సొమ్ము డిస్కంకు సకాలంలో చెల్లించాలి.

కరెంటు ప్రజాసేవ అంటే లెక్క అడగకూడదని కాదు. ఈసారి సమావేశంలో ఎవరైనా ప్రైవేటనో ప్రభుత్వమనో మంత్రం అందుకుంటే, బాబాను అడిగినట్టే అడుగుదాం: ఎంత కరెంటు వెళ్ళింది, ఎంతకు డబ్బు వచ్చింది, మిగతాది ఎవరు కట్టారు?