నొప్పి లేదని ఊరుకుంటే...

“పన్నుకు వెండి పెట్టించుకున్న, ఇంకేమైతది?” మా అత్తమ్మ చేవెళ్ల నుంచి మొయినాబాద్‌లోని మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఇదే మాట. పోయిన సంక్రాంతికి సకినం కొరికితే ఆ పన్ను నిలువునా చీలింది. పీకించక తప్పలేదు.

మనం వెండి అనుకునేదాంట్లో దాదాపు సగం పాదరసమే. మిగతాది వెండి, తగరం, రాగి. నోట్లో తడికీ, ఉప్పూ పులుపులకీ పాతరకం ఫిల్లింగులో తగరం ముందుగా తుప్పు పడుతుంది. విచిత్రమేమంటే, ఆ తుప్పే పన్నుకీ లోహానికీ మధ్య సందును కొంత పూడుస్తుంది! 1960ల్లో రాగి ఎక్కువ కలిపిన రకం వచ్చాక తుప్పు తగ్గింది. కానీ ఏళ్ల తరబడి నమిలీ నమిలీ అంచులు చిట్లుతాయి. ఆ గాడిలో మెతుకులు ఇరుక్కుని, అడుగున కొత్త పుచ్చు మొదలవుతుంది. చాలాకాలం నొప్పే తెలియదు.

పాదరసం పేరు వినగానే బాగున్నవి కూడా తీయించేస్తామనే వాళ్లున్నారు. నాకది సమ్మతం కాదు. తొలిచి తీసేటప్పుడే ఆవిరి ఎక్కువ వస్తుంది. 2013 నాటి మినమాటా ఒప్పందం కూడా వీటి వాడకం తగ్గించమంది గానీ, గట్టిగా ఉన్నవాటిని ఊడబెరుక్కోమనలేదు. ఏడాదికోసారి చూపించుకుంటే చాలు కదా?

ఆ చూపించుకోవడమే మన ఇళ్లలో ఆడవాళ్లకు కుదరదు. పిల్లల పన్నంటే పట్నం పరుగెత్తుతాం. అత్తమ్మ మాత్రం అన్నం ఇరుకుతోందని రెండేళ్లుగా అంటూనే ఉంది, పిన్నీసుతో తీసుకుంటూనే ఉంది. ఎవరం పట్టించుకోలేదు, నాతో సహా.

నాకూ కింది దవడలో అలాంటిదొకటుంది. ఈ సోమవారం చుట్టాలొచ్చినా సరే, వెళ్తున్నాను. అత్తమ్మనూ వెంట తీసుకెళ్తున్నాను, ఆమెకు ఇంకో రెండున్నాయట!