కౌంటరు వెనుక నుంచి: రెండు తాళంచెవుల పాఠం

పోయిన సంచికలో డిపాజిట్లకు నామినీ పేరు రాయించటం గురించి ముచ్చటించుకున్నాం. ఈసారి డబ్బు సంగతి పక్కన పెట్టి, ఆ డబ్బు లెక్కపెట్టే మనుషుల సంగతి చెప్పుకుందాం. మన సంఘంలో ఐ.టి. కంపెనీలలో పనిచేసే పిల్లలు చాలామంది. వారిలో టీము లీడర్లయిన ఒకరిద్దరు, "అంకుల్, రేపు ఈ టీము ఉంటుందో లేదో తెలియనప్పుడు ఎవరి చేత ఏం పని చేయిస్తాం?" అని అడిగారు. నాకు సాఫ్ట్‌వేర్ తెలియదు, బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. కాని అటువంటి రోజులు మేమూ చూశాం.

2019 ఆగస్టు 30న ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ గారు పది ప్రభుత్వరంగ బ్యాంకులను నాలుగుగా చేస్తున్నట్లు ప్రకటించారు. 2020 ఏప్రిల్ 1న అది అమలయింది. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకుతో పాటు యూనియన్ బ్యాంకులో కలిసింది. ఇక్కడ మన బెంగళూరు కెనరా బ్యాంకులో సిండికేట్ బ్యాంకు కలిసింది. అంతకు సరిగ్గా ఏడాది ముందే మన ఊరి విజయా బ్యాంకు, బ్యాంక్ ఆఫ్ బరోడాలో చేరిపోయింది. 2020 విలీనానికి వారం ముందు, మార్చి 25 నుంచి లాక్‌డౌన్. 27న అప్పుల వాయిదాలకు మూడు నెలల మారటోరియం. ఏప్రిల్‌లో మహిళల జన్‌ధన్ ఖాతాలకు 500 రూపాయల జమ. ఊరంతా తలుపులు మూసుకుంటే మేం తెరుచుకుని కూర్చున్నాం.

మాదీ విలీనమైన బ్యాంకుల్లో ఒకటే. ఏ బ్రాంచి మూస్తారు, ఎవరిని ఎక్కడికి వేస్తారు, సీనియారిటీ ఎలా లెక్కిస్తారు, ఎవరికీ తెలియదు. అటువంటప్పుడు "పై నుంచి కాగితం రానీ, అప్పుడు చూద్దాం" అనుకోవటం మానవ సహజం. పదిమందిలో పాము చావదని మన పెద్దలు ఊరికే అనలేదు. అందరి పనీ అంటే ఎవరి పనీ కాదు. చివరికి చిక్కు వచ్చినప్పుడు మాత్రం తిలా పాపం తలా పిడికెడు.

అసలు చిక్కు జవాబుదారీ అన్న మాటలోనే ఉంది. బ్యాంకులో 'స్టాఫ్ అకౌంటబిలిటీ' అనగానే గుండె ఝల్లుమంటుంది. అప్పు మొండిబాకీ అయితే, ఏనాడో సంతకం పెట్టినవాడెవడని ఫైలు తిరగేయటం దాని అర్థం. అది జరిగిపోయిన దానికి జవాబు. జరగబోయే దానికి చెప్పే జవాబు వేరు. దానికి మంచి ఉదాహరణ మా క్యాష్ సేఫ్. దానికి రెండు తాళంచెవులుంటాయి. ఒకటి హెడ్ క్యాషియరు దగ్గర, మరొకటి ఆఫీసరు దగ్గర. ఇద్దరూ నిలబడితేగాని తలుపు తెరుచుకోదు. కొత్తగా చేరినవారు ఇది అనుమానం కొద్దీ పెట్టిన నిబంధన అనుకుంటారు. నిజానికి ఇద్దరినీ అనుమానం నుంచి కాపాడేది అదే. ఎవరి చెవి ఎవరి దగ్గరుందో పొద్దున్నే తెలుసు గనుక సాయంత్రం ఒకరినొకరు వేలెత్తి చూపుకునే పని ఉండదు.

ఆ రోజుల్లో మా బ్రాంచి మేనేజరుగారు ఈ పద్ధతినే మొత్తం పనికి వర్తింపజేశారు. రోజూ తలుపులు తీయకముందు పది నిమిషాలు దూరదూరంగా నిలబడి మాట్లాడుకునేవాళ్ళం. మారటోరియం దరఖాస్తులు ఎవరు చూస్తారు, పెన్షనర్లను ఎవరు చూస్తారు, ఒకరు రాకపోతే ఆ పని ఎవరిది. ప్రతి పనికీ ఒక పేరు, పక్కన తోడుగా మరో పేరు బోర్డు మీద రాసేవారు. ఆయన తన పేరూ రాసుకునేవారు. బదిలీల గురించి అడిగితే, "నాకూ తెలియదమ్మా. శుక్రవారం నాటికి తెలిసినంత చెబుతాను" అనేవారు. శుక్రవారం వచ్చేసరికి కొత్త కబురేమీ లేకపోయినా, లేదన్న మాటే వచ్చి చెప్పేవారు. ఆ మాట నిలబెట్టుకోవటంతో సగం పుకార్లు ఆగిపోయాయి.

ఒకనాడు ఒక చిన్న ఆఫీసరమ్మాయి ఒకరి డబ్బు మరొకరి ఖాతాలో జమ చేసింది. గంటలోపే తనే వచ్చి చెప్పింది. మేనేజరుగారు ముందు "వెంటనే చెప్పావు, మంచిపని చేశావు" అన్నారు. ఆ తర్వాతే ఎలా జరిగిందని అడిగారు. డబ్బు ఇంకా కదలలేదు గనుక ఆ సాయంత్రానికే సరిదిద్దగలిగాం. మర్నాటి నుంచి ఖాతా నంబరుతో పాటు పేరు కూడా పైకి చదివి జమ చేయాలని నియమం పెట్టుకున్నాం. ఆ అమ్మాయిని అందరి ముందూ నిలదీసి ఉంటే, తరువాతి పొరపాటు మాకు ఖాతాదారు ఫిర్యాదుతోనే తెలిసేది.

ఇది బ్యాంకుకే పరిమితం కాదు. మన బెంగళూరు ఇస్రోలోనే దీనికి గొప్ప ఉదాహరణ ఉంది. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఎగిరిన తొలి ఎస్.ఎల్.వి.-3 రాకెట్ బంగాళాఖాతంలో పడిపోయింది. ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలాం గారు. విలేకరుల ముందు బాధ్యత తన మీద వేసుకున్నది మాత్రం ఇస్రో అధ్యక్షుడు సతీష్ ధావన్ గారు. 1980 జూలై 18న అదే రాకెట్ విజయవంతమైనప్పుడు ఆయన కలాం గారినే విలేకరులతో మాట్లాడమన్నారు. కలాం గారు దీన్ని జీవితాంతం చెప్పుకున్నారు. శ్రీహరికోట కేంద్రానికి ఇప్పుడు ధావన్ గారి పేరే ఉంది.

మా రంగంలోనూ ఈ ఆలోచన కొంత వచ్చింది. 2021 అక్టోబరులో ఆర్థికశాఖ, 50 కోట్ల రూపాయల వరకు ఉన్న మొండిబాకీల విషయంలో, మోసం కేసులు మినహాయించి, స్టాఫ్ అకౌంటబిలిటీకి కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. 2022 ఏప్రిల్ 1 నుంచి అవి అమలయ్యాయి. మంచి ఉద్దేశంతో తీసుకున్న నిర్ణయం బెడిసికొట్టినంత మాత్రాన ఉద్యోగి బలికాకూడదన్నది వాటి సారాంశం. శిక్షకు భయపడి ఎవరూ సంతకమే పెట్టకపోతే, అప్పు అవసరమైన చిన్న వ్యాపారి గతేమిటి?

మన పిల్లలకు నేను చెప్పేది ఇంతే. పని అప్పగించేటప్పుడు ఒక పేరు రాయండి, తోడుగా ఇంకో పేరు రాయండి. చెడ్డకబురు తెచ్చినవారిని ముందు కూర్చోబెట్టండి. తెలియనిది తెలియదని చెప్పి, చెప్పిన రోజుకు మళ్ళీ కనిపించండి. అన్నిటికంటే ముఖ్యం, అధికారం మీ దగ్గర అట్టిపెట్టుకుని జవాబు మాత్రం కిందివాళ్ళను అడగకండి. తాళంచెవి చేతికివ్వకుండా పెట్టెలో సొమ్ముకు లెక్క చెప్పమనటం న్యాయం కాదు.

ఇంత చేసినా టీము ఉంటుందన్న హామీ లేదు. విలీనం తర్వాత మా బ్రాంచివాళ్ళం తలో ఊరికీ వెళ్ళిపోయాం. కాని వెళ్ళిన చోటల్లా మావాళ్ళు పొద్దున్నే ఒక బోర్డు, ఒక సుద్దముక్క అడుగుతున్నారట.