1970: నల్లమలకు అటూ ఇటూ

పాత సెల్‌ఫోను బ్యాటరీ పూర్తిగా దిగిపోయి, ఛార్జింగు పెట్టాక మళ్లీ వెలిగినప్పుడు ఒక్కోసారి తెరమీద విడ్డూరమైన తేదీ కనిపిస్తుంది. 1970 జనవరి 1! ఫోను పాడైపోయిందేమోనని కంగారు పడక్కర్లేదు. యునిక్స్ అనే కంప్యూటర్ వ్యవస్థను తయారుచేసినవాళ్లు కాలాన్ని ఎక్కడో ఒకచోట మొదలుపెట్టి సెకన్ల లెక్కన కొలవాలి కాబట్టి ఆ రోజును సున్నాగా పెట్టుకున్నారు. ఇప్పటికీ చాలా యంత్రాలకు కాలం అక్కడే మొదలు. అంతకుముందు చరిత్ర ఉందా అంటే... ఉంది, మైనస్ గుర్తుతో.

మార్కాపురం, గిద్దలూరు వాసులకూ ఇంచుమించు అదే లెక్క. కాకపోతే వాళ్ల సున్నా నెల రోజులు ఆలస్యంగా వచ్చింది. 1970 ఫిబ్రవరి 2, సోమవారం. ఆ రోజు కర్నూలు జిల్లా నుంచి మార్కాపురం ప్రాంతాన్ని, నెల్లూరు నుంచి కందుకూరు, కనిగిరి ప్రాంతాలను, గుంటూరు నుంచి ఒంగోలు ప్రాంతాన్ని విడదీసి, మూడింటినీ కలిపి ఒంగోలు జిల్లా అన్నారు. అప్పుడు ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి. అదే రోజు ఎక్కడో వేల్స్‌లో తత్వవేత్త బెర్ట్రాండ్ రస్సెల్ తన 97వ ఏట కన్నుమూశాడు. అణుబాంబులకు వ్యతిరేకంగా తొంభై ఏళ్ల వయసులోనూ గొంతెత్తిన మనిషి. ఆయన పోయిన నెలకే, మార్చి 5న, అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం అమల్లోకి వచ్చింది. మనదేశం దానిమీద సంతకం చేయలేదు.

కొత్త జిల్లాకు మూడేళ్లు తిరక్కుండానే మళ్లీ పేరు మారింది. 1972, టంగుటూరి ప్రకాశం పంతులు శతజయంతి సంవత్సరం. ఆయన పుట్టిన గడ్డ కాబట్టి ప్రకాశం జిల్లా అన్నారు. దాంతో ఓ చిత్రమైన పరిస్థితి. మార్కాపురంలో ఒకే ఇంట్లో 1969లో పుట్టిన అక్కది కర్నూలు జిల్లా, 1971లో పుట్టిన తమ్ముడిది ఒంగోలు జిల్లా, 1973లో పుట్టిన చెల్లెలిది ప్రకాశం జిల్లా. ఇల్లు అదే, వీధి అదే, చెన్నకేశవస్వామి గుడి గాలిగోపురమూ అదే!

అసలీ ప్రాంతానికి జిల్లాలు మారడం కొత్తేమీ కాదు. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదిలేసుకున్న దత్తమండలాల్లో కంభం సీమ కూడా ఉంది. ఆ తర్వాత చాన్నాళ్లు కడప కిందే నడిచింది. 1858లో కర్నూలును జిల్లాగా చేసినప్పుడు కంభం, మార్కాపురం అందులోకి వెళ్లాయి. అప్పట్నుంచి నూట పన్నెండేళ్లు కర్నూలుతోనే కాపురం. మధ్యలో ఓ మూడేళ్లు, 1953 నుంచి 1956 దాకా, కర్నూలు ఆంధ్రరాష్ట్రానికి రాజధాని కూడా అయింది. మార్కాపురం వాళ్లదీ రాజధాని జిల్లాయే! అక్కడ తొలి ముఖ్యమంత్రిగా కూర్చున్నది ఎవరయ్యా అంటే ప్రకాశం పంతులే. చివరికి ఈ జనాన్ని కర్నూలు నుంచి విడదీసిన జిల్లాకు ఆయన పేరే వచ్చింది. చరిత్రకు ఇలాంటి చమత్కారాలు ఇష్టం కాబోలు.

విడదీయడానికి కారణం కంటికి కనిపించేదే... నల్లమల. కర్నూలు వెళ్లాలంటే ఆ అడవిని దాటాలి. గిద్దలూరు దాకా మీటరుగేజీ రైలుంది. అదీ దిగువమెట్ట దాటి ఘాట్‌లో ఆయాసపడుతూ నంద్యాల చేరేది. ఇక ఒంగోలుకు అడ్డంగా కొండల్లేవు, నిజమే. కానీ దూరం తక్కువా? మార్కాపురం నుంచి సుమారు 100 కిలోమీటర్లు, గిద్దలూరు నుంచి దాదాపు 150. కొండ తప్పింది గానీ ప్రయాణం తప్పలేదు. కలెక్టరుకు అర్జీ ఇవ్వాలనుకున్న గిద్దలూరు రైతుకు ఒక రోజు కూలి, రెండు పూటల భోజనం, రానూపోనూ బస్సు ఛార్జీ ఖర్చు. కలెక్టరు ఆ రోజు క్యాంపుకెళ్తే మళ్లీ రావాలి.

అయితే ఒక మాట చెప్పుకోవాలి. ఈ కలయిక మరీ కాగితం మీద గీసిన గీత కాదు. నల్లమలలో పుట్టే గుండ్లకమ్మ కంభం మీదుగా ప్రవహించి, పశ్చిమం నుంచి తూర్పుకు జిల్లా అంతా తిరిగి, ఒంగోలుకు దగ్గర్లోనే సముద్రంలో కలుస్తుంది. ఏ ప్రభుత్వమూ జీవో ఇవ్వకముందే ఆ నది ఈ రెండు కొసలనూ కలిపింది. కంభం దగ్గర రెండు కొండల మధ్య ఆ నీటికి అడ్డంగా కట్టిన చెరువును కృష్ణదేవరాయల భార్య, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకుంటారు. అయిదు వందల ఏళ్లనాటి ఆ కట్ట ఇంకా నిలిచే ఉంది. 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు కూడా వచ్చింది.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి 1970లో నీళ్ల సంగతులే ముందు చూద్దాం. ఆ ఏడాది జులైలో ఈజిప్టులో అస్వాన్ ఎత్తయిన ఆనకట్ట పూర్తయింది. 1960లో పని మొదలు, పదేళ్లకు ముగింపు. దాన్ని తన పరువు సమస్యగా తీసుకున్న అధ్యక్షుడు నాసర్ రెండు నెలలకే, సెప్టెంబరు 28న గుండెపోటుతో పోయాడు. ఆ ఆనకట్ట వల్ల నూబియన్లు ఊళ్లకు ఊళ్లే వదిలిపోవాల్సి వచ్చింది. అబూసింబెల్ గుడిని ముక్కలుగా కోసి పైకి తరలించారు. లాభమూ ఉంది, నష్టమూ ఉంది. కానీ నైలు నీరు ఎడారికి ఎక్కింది. ఇక్కడ చూస్తే నాగార్జునసాగర్ 1967లోనే ప్రారంభమైంది. శ్రీశైలం దగ్గర 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు పనులు సాగుతున్నాయి. ఎర్రగొండపాలెం, దోర్నాల వైపు నుంచి చూస్తే కృష్ణమ్మ కొండకు అవతలే ఉంది. ఇవతల బావుల్లో మాత్రం ఫ్లోరైడు నీళ్లు. పళ్లు గారపట్టడం, నడుములు వంగిపోవడం పశ్చిమ ప్రకాశంలో ఎన్నో ఊళ్లకు తెలిసిన బాధ.

ఆ ఏడాది ఏప్రిల్‌లో ప్రపంచమంతా ఊపిరి బిగబట్టింది. చంద్రుడి మీదకు బయల్దేరిన అపోలో-13లో 13వ తేదీన ఆక్సిజన్ ట్యాంకు పేలిపోయింది. లోపల ముగ్గురు. చంద్రుడి సంగతి దేవుడెరుగు, ఇల్లు చేరితే చాలనే పరిస్థితి. విద్యుత్తు పొదుపు, వెచ్చదనం పొదుపు. యంత్రాలను చల్లబరచడానికి నీళ్లు కావాలి కాబట్టి తాగేవాటికి కోత పెట్టారు. మనిషికి రోజుకు ఓ చిన్న గ్లాసుడు! ఏప్రిల్ 17న ముగ్గురూ క్షేమంగా సముద్రంలో దిగారు. వాళ్లు దిగిన అయిదు రోజులకే, 22న, అమెరికాలో తొలిసారి ధరిత్రీ దినోత్సవం జరిపారు. గాలి, నీరు పాడవుతున్నాయని లక్షలమంది రోడ్డెక్కారు.

అక్టోబరులో నార్మన్ బోర్లాగ్‌కు నోబెల్ శాంతి బహుమతి ప్రకటించారు. పొట్టి రకం గోధుమతో మనదేశంలోనూ, పాకిస్తాన్‌లోనూ ఆకలి తగ్గించిన శాస్త్రవేత్త. హరిత విప్లవం గొప్పదే, కాదనలేం. అయితే దాని షరతు ఒకటే, నీళ్లుండాలి. కాలువ ఉన్న డెల్టాలో వరి దిగుబడి పెరిగింది. వానే దిక్కయిన మార్కాపురం, గిద్దలూరు మెట్టల్లో కొర్ర, సజ్జ, జొన్న, కంది ఎప్పటిలాగే ఆకాశం వైపు చూశాయి. ఒకే జిల్లాలో ఒక కొసకు కాలువ నీళ్లు, రెండో కొసకు వాన మబ్బులు. కొత్త జిల్లాలో తూర్పు, పడమర తేడా పుట్టుకతోనే వచ్చింది.

మిగతా ప్రపంచం? జనవరిలో నైజీరియాలో బయాఫ్రా యుద్ధం ముగిసింది. ఆకలితో పొట్టలుబ్బిన అక్కడి పిల్లల ఫొటోలు లోకాన్ని కదిలించాయి. జంబోజెట్ తొలిసారి ప్రయాణికులతో న్యూయార్క్ నుంచి లండన్ ఎగిరిందీ ఆ నెలలోనే. బీటిల్స్ బృందం విడిపోయింది. జూన్ 21న మెక్సికోలో బ్రెజిల్ 4-1తో ఇటలీని ఓడించి మూడోసారి సాకర్ ప్రపంచకప్ గెలిచింది. పీలే తొలి గోల్ కొట్టాడు. ఎరుపు, పసుపు కార్డుల పద్ధతి మొదలైంది కూడా ఆ పోటీల్లోనే. మనదేశంలో రాజభరణాల రద్దు బిల్లు సెప్టెంబరులో రాజ్యసభలో ఒక్క ఓటు కూడా పూర్తిగా కాదు, ఓటులో కొంత భాగం తేడాతో వీగిపోయింది. సర్ సి.వి.రామన్ నవంబరు 21న బెంగళూరులో కన్నుమూశారు.

ఆ ఏడాది అన్నిటికన్నా పెద్ద విషాదం నవంబరు 12 రాత్రి. బంగాళాఖాతంలో పుట్టిన తుపాను తూర్పు పాకిస్తాన్‌లోని భోలా తీరాన్ని ముంచేసింది. మూడు లక్షలమందికి పైగా పోయారని అంచనా. పశ్చిమ పాకిస్తాన్ పాలకులు సాయానికి సకాలంలో కదల్లేదన్న కోపం రగిలింది. డిసెంబరు 7న ఎన్నికలు. తూర్పు వైపు 162 స్థానాల్లో 160 ముజిబుర్ రెహ్మాన్ అవామీలీగ్‌కే. ఏడాది తిరిగేసరికి బంగ్లాదేశ్ పుట్టింది. దేశం ఒకటే, పరిపాలన మాత్రం చాలాదూరం. ఇంత పెద్ద దానితో ఒక జిల్లా సంగతిని పోల్చడం సబబు కాదు గానీ, కష్టం వచ్చినప్పుడు ఆఫీసు ఎంత దూరంలో ఉందన్నది ఎక్కడైనా లెక్కకొస్తుంది. ఆ ఎన్నికలు జరిగిన రోజునే వార్సాలో జర్మనీ ఛాన్సలర్ విల్లీ బ్రాంట్ యూదుల స్మారకం ముందు మోకాళ్లమీద కూర్చున్నాడు. ఎవరూ కూర్చోమనలేదు. ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

తెలుగువాళ్లకు 1970 మామూలు ఏడాది కాదు. అంతకుముందే, 1969లో, ప్రత్యేక తెలంగాణ ఉద్యమం రాష్ట్రాన్ని కుదిపేసింది. తెలుగుజాతి ఒక్కటేనని సినారె రాసిన పాటతో ఎన్టీఆర్ 'తల్లా? పెళ్లామా?' తెరకెక్కింది ఆ ఏడాదే. ఫిబ్రవరిలో విశాఖలో శ్రీశ్రీ షష్టిపూర్తి సభలు. రచయితలారా మీరెటువైపు అని విద్యార్థులు కరపత్రం పంచి నిలదీశారు. జులై 4న హైదరాబాద్‌లో విరసం ఏర్పడింది, శ్రీశ్రీయే అధ్యక్షుడు. ఆరు రోజులకే శ్రీకాకుళ ఉద్యమ నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం పోలీసుల చేతిలో హతమయ్యారు. ఇంకోవైపు 1970 సంవత్సరానికి జ్ఞానపీఠం విశ్వనాథ సత్యనారాయణ రామాయణ కల్పవృక్షానికి దక్కింది. తెలుగుకు అదే తొలి జ్ఞానపీఠం. ఒకే ఏడాదిలో కల్పవృక్షమూ, విప్లవ సాహిత్యమూ! ఏ వైపువారికి ఆ వైపే నిజం.

వీళ్లందరూ అక్షరాలు దిద్దింది దేనిమీద? పలకమీదే కదా. అప్పట్లో రాష్ట్రంలో ఏ మారుమూల బడికెళ్లినా పిల్లవాడి చేతిలో మార్కాపురం పలక, మార్కాపురం బలపం. భూమిలోంచి పొరలుపొరలుగా తీసిన రాయిని పల్చగా చీల్చి, అరగదీసి, చుట్టూ చెక్క చట్రం బిగిస్తే పలక. మార్కాపురం చుట్టుపక్కల వేల కుటుంబాలకు అదే బతుకుతెరువు. అయితే దీనికి చీకటి కోణమూ ఉంది. ఊళ్ల పిల్లలకు పలకలు చేసి పంపిన చేతుల్లో బడికి వెళ్లని చిన్న చేతులు కూడా ఉండేవి. బాల కార్మికుల గురించి తర్వాత తర్వాత బయట ప్రపంచం మాట్లాడింది. ఆలోగా ప్లాస్టిక్ పలకలు వచ్చాయి, నోటుపుస్తకాలు చౌకయ్యాయి. రాతిపలక వెనకబడింది. అదే రాయి ఇప్పుడు ఇళ్ల గోడలకు, నేలకు టైల్స్‌గా విదేశాలకు వెళ్తోంది.

జిల్లా మారితే మారింది, ఏం పోయిందని అనుకునేవాళ్లకు నాలుగైదేళ్లలోనే సమాధానం దొరికింది. 371-డి కింద 1974, 1975ల్లో రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి. కాలేజీ సీట్లకు ప్రకాశం జిల్లా ఆంధ్రా యూనివర్సిటీ పరిధిలోకి వెళ్లింది. కర్నూలు, కడప, అనంతపురం, చిత్తూరు, నెల్లూరు శ్రీవెంకటేశ్వర యూనివర్సిటీ పరిధిలో ఉన్నాయి. ఉద్యోగాల్లో గుంటూరు, ప్రకాశం, నెల్లూరు ఒక జోన్, రాయలసీమ నాలుగు జిల్లాలు ఇంకో జోన్. అంటే నిన్నటిదాకా కర్నూలు పిల్లలతో సమానంగా పోటీపడిన కంభం కుర్రాడు ఇప్పుడు గుంటూరు, విజయవాడ కాలేజీల్లో చదివిన పిల్లలతో పోటీపడాలి. వానా అంతే, నేలా అంతే, కరువూ అంతే. రాయలసీమ అనే మాట మాత్రం పోయింది. దత్తమండలాల్లో ఉన్నప్పుడు ఉమ్మడిగా అనుభవించిన కరువుకు ఆ తర్వాత పేరు లేకుండా పోవడం ఈ ప్రాంతం నష్టాల్లో చిన్నదేమీ కాదు.

నీళ్ల కథ కూడా అలాగే సా...గింది. శ్రీశైలం జలాశయం ఒడ్డున కొల్లంవాగు దగ్గర్నుంచి నల్లమల కింద సొరంగం తవ్వి, 43.5 టీఎంసీల కృష్ణా వరదనీటిని ఇవతలికి తేవాలన్నది వెలిగొండ ప్రాజెక్టు. దానికోసం పోరాడిన కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరే పెట్టారు. 1996లో ఒకసారి, 2004లో ఇంకోసారి శంకుస్థాపన. సుమారు 18.8 కిలోమీటర్ల చొప్పున రెండు సొరంగాలు. మొదటిది 2021లో, రెండోది 2024లో తవ్వడం పూర్తయింది. ఆ మార్చిలో జాతికి అంకితం చేసేశారు కూడా. అప్పటికి ముంపు గ్రామాల పునరావాసం పూర్తికాలేదు, పొలాలకు నీళ్లూ రాలేదు. అస్వాన్ లెక్క పదేళ్లు. మొదటి శిలాఫలకం నుంచి రెండో సొరంగం దాకా ఇక్కడి లెక్క ఇరవై ఎనిమిది.

2025 నవంబరులో మార్కాపురం కేంద్రంగా కొత్త జిల్లా ప్రతిపాదనకు రాష్ట్ర ప్రభుత్వం పచ్చజెండా ఊపింది. మార్కాపురం, గిద్దలూరు, ఎర్రగొండపాలెం, కనిగిరి నియోజకవర్గాలు అందులోకి. 1858లో కడప నుంచి కర్నూలుకు, 1970లో కర్నూలు నుంచి ఒంగోలుకు వెళ్లిన ఊరికి ఈసారి ఎక్కడికీ వెళ్లకుండానే జిల్లా దక్కే వంతు వచ్చింది. విశేషమేమంటే ఇందులో కనిగిరి ఉంది. 1970లో అది నెల్లూరు నుంచి వచ్చింది. కర్నూలుతో పాత చుట్టరికం లేదు. ఇన్నాళ్లూ అర్జీ పట్టుకుని ఒంగోలు బస్సెక్కిన కనిగిరి మనిషి ఇక మార్కాపురం బస్సు ఎక్కడ ఆగుతుందో కనుక్కోవాలి.