గాలిని గుద్దితే చెయ్యి తిరుగుతుందా?

ఆడపిల్లలకు కరాటే నేర్పించాలా వద్దా అన్న వాదన మా పల్నాడులో దాదాపు ముగిసిపోయింది. నేర్పించాల్సిందేనని అమ్మమ్మలు కూడా అంటున్నారు. ప్రభుత్వ బడుల్లో రాణి లక్ష్మీబాయి ఆత్మరక్షా ప్రశిక్షణ పేరుతో మూడు నెలల శిక్షణ కూడా ఉంది. సంతోషమే. నా పేచీ మాస్టార్లతో కాదు. వాళ్ల చేతికి మనం ఏమీ ఇవ్వకుండా నేర్పమంటున్నామే, దానితో.

మా వీధి పిల్లలు నేర్చుకునే చోటు చూశాను. సిమెంటు నేల. నలభై మంది వరసగా నిలబడి "హా" అని అరుస్తూ గాలిని గుద్దుతారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ గాలి తిరిగి తొయ్యదు, జడ పట్టుకు లాగదు. పిడికిలి నిజంగా ఒక ఒంటికి తగిలితే మణికట్టు ఎటు మడత పడుతుందో ఆ పిల్లకు తెలియదు. కింద పడ్డప్పుడు తల నేలకు కొట్టుకోకుండా ఎలా పడాలో నేర్పాలి, అసలు పాఠం అదే. సిమెంటు మీద ఎలా నేర్పుతారు పాపం! వార్షికోత్సవం నాడు మాత్రం పెంకులు పగలగొట్టిస్తారు, మనం చప్పట్లు కొడతాం. రెండు చివర్లా ఆనించి పెట్టిన ఎండు పెంకు పగలడం పెద్ద విశేషమేం కాదు లెండి.

ఈ లోటు మన ఒక్కరిదే కాదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో కరాటే బ్లాక్ బెల్టు ఉన్న ఒకామె మీద అత్యాచారం జరిగిందనీ, నేర్చుకున్న విద్య ఆ వేళకు అక్కరకు రాలేదనీ విని మాట్ థామస్ అనే ఆయన ఆలోచనలో పడ్డారు. 1971లో ఆయన మొదలుపెట్టిన శిక్షణ పేరు మోడల్ మగ్గింగ్. అందులో దాడి చేసేవాడి వేషం వేసిన మనిషి తల నుంచి కాళ్ల దాకా మందపాటి మెత్తల కవచం తొడుక్కుంటాడు. నిజంగానే వచ్చి పట్టుకుంటాడు. ఆడవాళ్లు అతన్ని బలమంతా పెట్టి కొట్టొచ్చు. ఆ కవచం అతని ఒంటిని కాపాడుతుంది, ఆమెకేమో కొట్టడం నేర్పుతుంది. భయంలో ఊపిరి బిగబట్టుకుపోతుందనీ, గొంతు పెగలదనీ, దాన్ని దాటి అరవాలనీ పుస్తకం చదివితే వచ్చేది కాదు కదా.

జపాన్‌వాళ్ల కత్తిసాము సంగతీ ఇంతే. చెక్క కత్తులతో సాధన చేసినన్నాళ్లూ దెబ్బను మధ్యలోనే ఆపుకోవాలి, లేకపోతే ఎముక విరుగుతుంది. పద్దెనిమిదో శతాబ్దంలో వెదురు బద్దలు కట్టిన కత్తి, తలకూ ముంజేతులకూ కవచాలూ కుదురుకున్నాక ఆపుకోకుండా కొట్టుకునే వీలు కలిగింది. ఈనాటి కెండో ఆట అలా రూపు దిద్దుకున్నదే. మన కర్రసాముకూ ఇలాంటి ఏర్పాటు ఉంటే బాగుండునని నాకు ఎప్పటినుంచో అనిపిస్తుంది. జాతరలో కర్ర తిప్పుతుంటే కళ్లు చెదురుతాయి, ఎదుటివాడి మీద దెబ్బ మాత్రం పడదు. పడకూడదు కూడా, అది ఒట్టి కర్ర మరి. కార్తీకంలో కారంపూడి వెళితే వీరుల కొణతాలకు ఎంత భక్తిగా మొక్కుతామో! సాధన చేసే పరికరం మీద అందులో పదో వంతు శ్రద్ధ చాలు.

అయితే మందంగా ఉన్నదల్లా రక్షణ అనుకోకూడదు. బాక్సింగులో తలకు పెట్టుకునే తొడుగు చర్మం చిట్లకుండా కాపాడుతుంది కానీ లోపల మెదడు కుదుపును ఆపలేదు. పక్కచూపుకూ కొంచెం అడ్డం. 2016 రియో ఒలింపిక్స్‌లో మగవాళ్లు అది లేకుండానే ఆడారు, ఆడవాళ్లకు మాత్రం ఉంచారు. మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ చాంపియన్ అయింది ఆ తొడుగుతోనే. అది ఉంది కదా అని పిల్లల తలల మీద రోజూ కొట్టించే మాస్టారు ఉంటే మాత్రం నేను మా పిల్లను పంపను.

ఇంకో మాట. మనలో మనం కాబట్టి చెబుతున్నా. ఎదిగే ఆడపిల్లకు ఛాతీ మీద దెబ్బ తగిలితే ఎవరికి చెప్పుకుంటుంది? మాస్టారికి చెప్పదు. ఇంట్లో చెబితే మాన్పించేస్తారని భయం. రెండోవారం కడుపునొప్పి అంటుంది, మూడోవారం వెళ్లనంటుంది. మగపిల్లల కొలతకు కుట్టిన కవచం ఇస్తే పట్టీలు భుజాల మీంచి జారతాయి, ఎక్కడ కాపాడాలో అక్కడే ఖాళీగా ఉంటుంది. ఆడపిల్లల కోసం విడిగా ఛాతీ కవచాలు దొరుకుతాయి. బడిలో నాలుగు సైజులు కొని పెడితే వంతులవారీగా వాడుకోవచ్చు.

డబ్బు ఎక్కడిది అంటారేమో. బడికి ఆ శిక్షణ కోసం నెలకు 5,000 చొప్పున మూడు నెలలకు ఇచ్చే సొమ్ము మాస్టారికే చాలదు. మ్యాట్లకు వేరే పద్దు ఉండాలి. పిల్లల ఫొటోలున్న ఫ్లెక్సీలకు చందాలిచ్చే పెద్దలు మన ఊళ్లో తక్కువేం లేరు, మ్యాట్లకు అడగండి. జూడోలో ఎత్తి పడేస్తారు కాబట్టి 40 మిల్లీమీటర్ల మందం కావాలి, కరాటేకు అందులో సగం సరిపోతుంది. పరుపులూ బొంతలూ పరిచేయకండి, అడుగు కూరుకుపోయి మడమ మెలిపడుతుంది.

గుద్దే సంచి మాత్రం మనమే కుట్టొచ్చు. గట్టి కాన్వాసు గుడ్డ రెండు పొరలు, లోపల పాత చీరల పేలికలు. ఇసుక పోయొద్దు, నాలుగు రోజులకే అడుగున చేరి రాయిలా గడ్డకడుతుంది, పిల్లల మణికట్లు పోతాయి. పేలికల్ని కొంచెం కొంచెంగా వేస్తూ రోకలితో కూరాలి. గుండీలు, హుక్కులు ముందే తీసెయ్యండి.