పెద్దల ఆరోగ్య పాలసీకి ఒకే రాత కావాలి

నాచారం పారిశ్రామికవాడ చుట్టుపక్కల వీధుల్లో కాసేపు తిరిగితే చాలు, అరవై దాటినవాళ్ల వైద్యానికి ఈ దేశంలో ఉన్న దారులన్నీ ఎదురవుతాయి. ఉప్పల్ రోడ్డులోని కేంద్ర పరిశోధన సంస్థలు ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీల్లో పనిచేసి రిటైరైనవారి దగ్గర కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల, పెన్షనర్ల ఆరోగ్య పథకమైన సీజీహెచ్‌ఎస్ కార్డు ఉంటుంది. మౌలాలి రైల్వే షెడ్డులో పనిచేసినవారికి లాలాగూడ రైల్వే ఆస్పత్రి ఉంది. అణు ఇంధన కర్మాగారం ఎన్‌ఎఫ్‌సీ వాళ్లకు అణుశక్తి శాఖ సొంత పథకం నడుపుతోంది. ఫ్యాక్టరీ కార్మికుడికి నాచారంలోనే ఈఎస్ఐ ఆస్పత్రి, తెల్ల రేషన్ కార్డు ఉన్న ఇంటికి ఆరోగ్యశ్రీ. వీటిలో ఏ గొడుగు కిందికీ రానివాళ్లు ఇంకా మిగిలే ఉంటారు. ప్రైవేటు బడిలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి మానేసిన టీచరమ్మ, చిన్న ప్రింటింగ్ ప్రెస్ నడిపిన పెద్దాయన, మల్లాపూర్‌లో హార్డ్‌వేర్ దుకాణం కొడుక్కి అప్పగించి ఇంటిపట్టున ఉన్నాయన. వీళ్లు ప్రైవేటు బీమా కంపెనీ గుమ్మం ఎక్కక తప్పదు.

ఎక్కాక మొదలవుతాయి అసలు తిప్పలు. బ్యాంకు మేనేజరు ఒక పాలసీ చెబుతాడు. ఏజెంటుగా పనిచేసే దూరపు బంధువు ఇంకొకటి చెబుతాడు. బెంగళూరులో ఉన్న కొడుకు ఫోన్‌కి మూడో పాలసీ లింకు పంపిస్తాడు. మూడింటి ప్రీమియం పక్కపక్కన పెట్టి చూడొచ్చు. మూడింటి షరతులు మాత్రం అలా చూడటం డెబ్బై ఏళ్ల మనిషికి సాధ్యమయ్యే పని కాదు. ఒక్కో పాలసీ పత్రం పదుల పేజీలు, అదీ ఇంగ్లిషులో, ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. పోల్చలేని సరుకును పోల్చి కొనుక్కోమని వృద్ధులకు చెప్పడం అన్యాయం. దీన్ని సరిదిద్దే అధికారం ఉన్న సంస్థ ఈ నగరంలోనే ఉంది. నానక్‌రామ్‌గూడలో కొలువైన బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అరవై దాటినవారి కోసం అన్ని కంపెనీలూ ఒకే వాచకంతో అమ్మాల్సిన పాలసీ ఒకటి తేవాలి. ఈ పని దానికి కొత్తేమీ కాదు.

షరతు ఎంత పని చేస్తుందో తెలియాలంటే ఒక లెక్క వేసి చూడాలి. మూడు లక్షల పాలసీ, గది అద్దె పరిమితి బీమా మొత్తంలో ఒక శాతం, అంటే రోజుకు 3,000 రూపాయలు. పెద్దావిడను ఆస్పత్రిలో చేర్చినప్పుడు ఆ ధరలో గది ఖాళీ లేదన్నారు, 6,000 గదిలో నాలుగు రోజులు ఉంచారు. మూడు వేలే కదా తేడా, మనం పెట్టుకుందాం అని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. గది బిల్లు 24,000 అయితే కంపెనీ ఇచ్చేది 12,000. అక్కడితో ఆగదు. గది అద్దె పరిమితికి రెట్టింపు కాబట్టి సర్జన్ ఫీజు, మత్తు డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ ఖర్చుల్లోనూ అదే దామాషాలో సగం కోత పడుతుంది. అవన్నీ కలిపి 1,20,000 అయితే చేతికొచ్చేది 60,000. మందులు, పరీక్షల మీద ఈ కోత వేయకూడదని నిబంధన ఉంది కనుక వాటి 80,000 పూర్తిగా లెక్కలోకి వస్తాయి. గ్లౌజులు, మాస్కులు, రిజిస్ట్రేషన్ లాంటి పద్దుల కింద మరో 14,000 ఉంటే వాటికి చాలా పాలసీల్లో పైసా రాదు. మొత్తం బిల్లు 2,38,000, కంపెనీ ఒప్పుకున్నది 1,52,000. పాలసీలో 20 శాతం కో-పే, అంటే ఒప్పుకున్న మొత్తంలో మనమే భరించాల్సిన వాటా ఉంటే దాంట్లోంచి మరో 30,400 పోతుంది. చివరికి కంపెనీ కట్టేది 1,21,600, ఇంటివాళ్లు కట్టేది 1,16,400. మూడు లక్షల పాలసీ ఉండి, రెండున్నర లక్షల లోపు బిల్లులో దాదాపు సగం సొంత జేబు నుంచి పోయింది. ఇందులో మోసం లేదు. అంతా పాలసీ పత్రంలో రాసే ఉంది.

అందుకే పెద్దవాళ్లకు పాలసీ తీసుకునేటప్పుడు ప్రీమియం కంటే ముందు గది అద్దె గడి చూడాలి. పరిమితి లేని పాలసీ దొరికితే ఏడాదికి రెండు మూడు వేలు ఎక్కువైనా అదే మేలు. తర్వాత కో-పే. ‘సీనియర్ సిటిజన్లకు ప్రత్యేకం’ అని అమ్మే పాలసీల్లో 20, 30 శాతం కో-పే మామూలు విషయం. ప్రీమియం తక్కువగా కనిపించడానికి చాలాసార్లు కారణం ఇదే. ఆ పైన ఉప పరిమితులు. కంటి శుక్లం ఆపరేషన్‌కి ఇంత, మోకాలి మార్పిడికి ఇంత అని పాలసీలో ముందే గీత గీసి ఉంటుంది. ఆ వయసులో ఎక్కువగా జరిగే ఆపరేషన్లు సరిగ్గా అవే.

షుగర్, బీపీల సంగతి వేరే చెప్పుకోవాలి. అరవై దాటిన ఇంట్లో ఈ రెండింట్లో ఒకటైనా లేని మనిషి అరుదు. ఏజెంటు సోఫాలో కూర్చుని తన ఫోన్‌లోనే దరఖాస్తు నింపుతాడు. ‘గతంలో ఏవైనా జబ్బులున్నాయా’ అన్న వరుసలో టకటకా ‘లేదు’ నొక్కుకుంటూ పోతాడు. చివర్లో ‘ఓటీపీ వచ్చిందా అంకుల్’ అంటాడు. ఆ ఓటీపీ చెప్పడమంటే కింద సంతకం పెట్టడమే. రెండేళ్ల తర్వాత గుండెకు స్టెంట్ పడితే, పాత ప్రిస్క్రిప్షన్‌లో పదేళ్లుగా షుగర్ మాత్రలు వాడుతున్నట్టు కనిపిస్తే, క్లెయిమ్ తిరస్కరణకు అదొక్కటే చాలు. ఉన్న జబ్బు రాయిస్తే ప్రీమియం కొంత పెరుగుతుంది, ఆ జబ్బుకు కొంతకాలం డబ్బు రాని వెయిటింగ్ పీరియడ్ పడుతుంది, ఒక్కోసారి పాలసీయే రాకపోవచ్చు. అయినా దాచడం కంటే అదే నయం. నింపిన దరఖాస్తు కాపీ పాలసీతోపాటు వస్తుంది. అందులో తప్పుంటే దిద్దించుకోవడానికి, వద్దనుకుంటే పాలసీని తిప్పి పంపడానికి 30 రోజుల ఫ్రీలుక్ గడువు ఉంది. ఆ నెల రోజుల్లో కవరు విప్పి చూసే ఇళ్లు ఎన్ని?

అసలు ప్రైవేటు పాలసీ కొనేముందు ఇంట్లో ఇప్పటికే ఏ హక్కు ఉందో వెతుక్కోవాలి. నాచారం లాంటి చోట ఇది మరీ ముఖ్యం. ఇక్కడి ఫ్యాక్టరీల్లో కనీసం ఐదేళ్లు ఈఎస్ఐ బీమాలో ఉండి వయసు నిండి రిటైరైన కార్మికుడు నెలకు పది రూపాయల చొప్పున ఏడాదికి 120 రూపాయలు ముందుగా కడితే, తనకూ భార్యకూ ఈఎస్ఐ వైద్యం కొనసాగుతుంది. స్వచ్ఛంద విరమణ తీసుకున్నవారికీ ఇదే వర్తిస్తుంది. నూట ఇరవై రూపాయల హక్కును తెలియక వదులుకుని, అప్పు చేసి వేల రూపాయల ప్రీమియం కట్టే కుటుంబం ఒక్కటి ఉన్నా ఆ తప్పు కుటుంబానిది కాదు. రిటైరయ్యే రోజున ఆ ఫారం చేతిలో పెట్టని యాజమాన్యానిది, చెప్పని కార్యాలయానిది.

డెబ్బై నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా కుటుంబానికి ఏడాదికి ఐదు లక్షల వరకు వైద్యం అందించే ఆయుష్మాన్ వయ వందన పథకాన్ని కేంద్రం 2024 అక్టోబరు 29న ప్రారంభించింది. ప్రైవేటు పాలసీ ఉన్నవారూ, ఈఎస్ఐలో ఉన్నవారూ దీన్ని తీసుకోవచ్చు. సీజీహెచ్‌ఎస్ వాళ్లు మాత్రం రెండింట్లో ఒకటి ఎంచుకోవాలి. ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరు 9న పది లక్షలకు పెంచింది. కార్డు ఉండటం వేరు, ఆ కార్డుతో మంచం దొరకడం వేరు. బకాయిలు పేరుకుపోయాయంటూ 2025 సెప్టెంబరులో ప్రైవేటు నెట్‌వర్క్ ఆస్పత్రులు ఆరోగ్యశ్రీ సేవలు ఆపేసిన సంగతి రోగులు మరిచిపోలేదు. కాబట్టి ఏ కార్డు అయినా సరే, ఉప్పల్, తార్నాక, హబ్సిగూడ చుట్టూ ఏ ఆస్పత్రి దాన్ని తీసుకుంటుందో ఆరోగ్యంగా ఉన్నప్పుడే వెళ్లి కనుక్కోవాలి. ప్రైవేటు పాలసీ క్యాష్‌లెస్ జాబితాకూ ఇదే మాట. అర్ధరాత్రి ఛాతీనొప్పి వస్తే నాచారం నుంచి గచ్చిబౌలికి వెళ్లే ఓపిక ఎవరికీ ఉండదు.

కొడుకు ఐటీ కంపెనీ గ్రూపు పాలసీలో తల్లిదండ్రుల పేర్లు ఉన్నాయని నిశ్చింతగా ఉన్న ఇళ్లు ఈ ప్రాంతంలో చాలా ఉన్నాయి. ఆ రక్షణ కొడుకు ఉద్యోగం ఉన్నంతవరకే. ఉద్యోగం పోయిన నెలలోనే అరవై ఎనిమిదేళ్ల తండ్రికి కొత్త పాలసీ వెతకాల్సి వస్తుంది. అదే బీమా కంపెనీ ఇచ్చే వ్యక్తిగత పాలసీకి మారే వీలు నిబంధనల్లో ఉంది. ఉద్యోగం వదిలేముందే అడగాలి.

2024 నుంచి నిబంధనలు పెద్దలకు కొంత అనుకూలంగా మారాయని ఒప్పుకోవాలి. ముందే ఉన్న జబ్బులకు గరిష్ఠ వెయిటింగ్ పీరియడ్‌ను 2024 ఏప్రిల్‌లో నాలుగేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గించారు. ఐదేళ్లు పాలసీ నడిచాక, మోసం రుజువైతే తప్ప, జబ్బు చెప్పలేదన్న కారణంతో క్లెయిమ్ తోసిపుచ్చకూడదు. ఇదివరకు ఈ గడువు ఎనిమిదేళ్లు. క్యాష్‌లెస్ అనుమతి గంటలో, డిశ్చార్జి అనుమతి మూడు గంటల్లో ఇవ్వాలన్నారు. అరవై దాటినవారి ప్రీమియం ఏడాదిలో పది శాతానికి మించి పెంచాలంటే ముందుగా తనను సంప్రదించాలని 2025 జనవరిలో ఐఆర్‌డీఏఐ ఆదేశించింది. వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై 18 శాతం జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి ఎత్తేశారు. ఇవన్నీ మేలే చేశాయి. పోలిక కష్టాన్ని మాత్రం ఇవేవీ తీర్చలేదు.

తీర్చే నమూనా ఉంది. 2020 ఏప్రిల్‌లో ఐఆర్‌డీఏఐ ‘ఆరోగ్య సంజీవని’ పేరుతో ప్రామాణిక పాలసీ తెచ్చింది. ఏ కంపెనీ అమ్మినా పేరు అదే, షరతులు అవే. కో-పే ఐదు శాతం. గది అద్దె బీమా మొత్తంలో రెండు శాతం, రోజుకు ఐదు వేలు మించకుండా. శుక్లం ఆపరేషన్‌కు కంటికి 40,000 వరకు. తేడా ఉండేది ప్రీమియంలోనూ, కంపెనీ సేవలోనూ. అంటే మామూలు మనిషి పోల్చగలిగేవి రెండే రెండు విషయాలు మిగిలాయి. గొప్ప ఆలోచన. అయితే అందులో చేరే వయసును 65 దగ్గర ఆపారు. ఎవరికి అవసరం ఎక్కువో వాళ్ల దగ్గరే తలుపు మూశారు. పైగా ప్రీమియం చిన్నది, కమీషన్ చిన్నది, ఏజెంట్ల నోట ఆ పేరు వినిపించడమే అరుదు.

అమెరికాలో పిల్లల దగ్గర స్థిరపడిన తెలుగు తల్లిదండ్రులకు దీనికి భిన్నమైన అనుభవం ఎదురవుతుంది. గ్రీన్‌కార్డుతో వరుసగా ఐదేళ్లు ఉన్నవారు 65 దాటాక డబ్బు కట్టి మెడికేర్‌లో చేరవచ్చు. 1965లో చట్టమైన ఈ ప్రభుత్వ పథకంలో ఇప్పుడు సగానికి పైగా జనం ప్రైవేటు కంపెనీలు నడిపే అడ్వాంటేజ్ ప్లాన్లలో ఉన్నారు. ఏటా అక్టోబరు 15 నుంచి డిసెంబరు 7 వరకు ప్లాన్ మార్చుకోవచ్చు. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో వాడే మందుల పేర్లు ఇస్తే ఏ ప్లాన్‌లో ఎంత ఖర్చవుతుందో చూపిస్తుంది. ప్లాన్లకు ఒకటి నుంచి ఐదు వరకు స్టార్ రేటింగ్ ఉంటుంది. మెడికేర్ కట్టని ఖర్చుల కోసం కొనే మెడిగ్యాప్ పాలసీలకు అక్షరాలే పేర్లు. మూడు రాష్ట్రాలు మినహా ఎక్కడైనా ‘జీ’ ప్లాన్ అంటే ఏ కంపెనీదైనా లోపలున్నది ఒకటే. అన్నిటికన్నా విలువైనది, అమ్మకంతో సంబంధం లేని సలహాదారులను ప్రతి రాష్ట్రంలోనూ ప్రభుత్వ ఖర్చుతో పెట్టడం. పెద్దలు వెళ్లి ఉచితంగా అడగవచ్చు.

అక్కడా కష్టాలు లేకపోలేదు. అడ్వాంటేజ్ ప్లాన్లు ముందస్తు అనుమతి నిరాకరించిన కేసుల్లో 13 శాతం నిజానికి మెడికేర్ నిబంధనల ప్రకారం ఇవ్వాల్సినవేనని అక్కడి ఆరోగ్య శాఖ తనిఖీ విభాగమే 2022లో తేల్చింది. కంపెనీల తీరు ఎక్కడైనా కంపెనీల తీరే. కానీ కొనేవాడి చేతికి కొలబద్ద ఇవ్వడం ప్రభుత్వం పని అని అక్కడ ఒప్పుకున్నారు. ఇక్కడ ఇంకా ఒప్పుకోవాల్సి ఉంది.

చేయాల్సింది అసాధ్యమేమీ కాదు. ఆరోగ్య సంజీవని అచ్చులోనే అరవై దాటినవారికి ఒక పాలసీ రాయాలి. చేరడానికి గరిష్ఠ వయసు పరిమితి ఉండకూడదు. షుగర్, బీపీ ఉన్నాయని నిరాకరించకూడదు. వాటికి ఎంత అదనంగా వసూలు చేయవచ్చో నియంత్రణ సంస్థే గీత గీయాలి. ఇలా చేస్తే ప్రీమియం భారీగా ఉంటుందని, జబ్బున్నవాళ్లే చేరతారని కంపెనీలు అంటాయి. ఆ మాటలో నిజం ఉంది. అందుకే భారం అన్ని కంపెనీల మీదా సమానంగా పడేలా తప్పనిసరి చేయాలి, అవసరమైతే ప్రభుత్వం కొంత మోయాలి. డెబ్బై నిండినవారున్న ప్రతి కుటుంబానికీ ఐదు లక్షల భరోసా ఇచ్చిన కేంద్రానికి, అరవైకీ డెబ్బైకీ మధ్య ఉన్నవారి ప్రీమియంలో వాటా ఇవ్వడం కొత్త సూత్రమేమీ కాదు.

బీమా సుగం పేరుతో అన్ని కంపెనీల పాలసీలూ ఒకేచోట దొరికే ఆన్‌లైన్ వేదిక కోసం ఐఆర్‌డీఏఐ 2024లోనే నిబంధనలు తెచ్చింది. అందులో మొదటి వరుస పెద్దల పాలసీకి ఇవ్వాలి, తెలుగులో ఇవ్వాలి. ఫోన్ వాడకం రానివారి కోసం మీసేవ కేంద్రాల్లోనూ, ఈఎస్ఐ డిస్పెన్సరీల్లోనూ కమీషన్‌తో సంబంధం లేని సలహాదారుడు వారానికి ఒక పూటైనా కూర్చోవాలి. ఆ పని రాష్ట్ర ప్రభుత్వం రేపే మొదలుపెట్టవచ్చు.

ఈలోగా పెద్దల చేతిలో ఉన్న ఆయుధాలు రెండు. పాలసీలోని ముఖ్య షరతులన్నిటినీ క్లుప్తంగా రాసిన కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్‌ను ప్రతి కంపెనీ ఇవ్వాలి, అడిగితే ప్రాంతీయ భాషలో ఇవ్వాలి. ఈ నిబంధన 2024 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. తెలుగు షీటు అడగాలి. క్లెయిమ్ అన్యాయంగా కోస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెల రోజుల్లో తేలకపోయినా, జవాబు నచ్చకపోయినా, ఏడాది లోపు హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. 50 లక్షల వరకు వివాదాలు వింటారు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, ఇచ్చిన తీర్పును కంపెనీ పాటించి తీరాలి.