యాభై ఏళ్లు దాటిన మరణ రిజిస్టర్లు జనానికి తెరవాలి

సంపాదకుడు గారికి,

తాతగారు ఏ తేదీన పోయారో కాగితం మీద చూపించమంటే మన పల్లెల్లో చాలా కుటుంబాల దగ్గర జవాబుండదు. ఇంట్లో పెద్దవాళ్లను అడిగితే "దివిసీమ ఉప్పెనకు ముందేడు" అనో, "పెద్దాడు కడుపులో ఉండగా" అనో చెబుతారు. కోర్టుకు ఆ మాట చాలదు. యాభై ఏళ్లు దాటిన మరణ రికార్డులను పేరుతో వెతుక్కునే వీలుగా, ఖర్చు లేకుండా జనం ముందు పెట్టాలి. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ చేయదగ్గ పనే ఇది. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రం ఇప్పటికే చేసి చూపించింది.

మిస్సోరీలో 114 కౌంటీలున్నాయి. ఓజార్క్ కొండల్లోని కొన్ని కౌంటీల్లో మన ఒక మండలమంత జనం కూడా ఉండరు. అక్కడా మొదట్లో నమోదు అంతంతమాత్రమే. జనన మరణాలు రాసిపెట్టాలని 1883లో కౌంటీ క్లర్కులకు చట్టం బాధ్యత అప్పగించింది. చాలాచోట్ల సరిగా రాయలేదు, పదేళ్లకే 1893లో ఆ చట్టం పోయింది. అంతకుముందు అంతర్యుద్ధంలో, ఆ తర్వాత అగ్నిప్రమాదాల్లో కాలిపోయిన కోర్టు భవనాలతోపాటు ఎన్నో కౌంటీ పుస్తకాలు బూడిదయ్యాయి. రాష్ట్రమంతా ఒకే పద్ధతిలో మరణ ధ్రువపత్రాలు రాయడం 1910లో మొదలైంది.

ఆ పత్రాలు యాభై ఏళ్లు నిండగానే ఆరోగ్య శాఖ నుంచి రాష్ట్ర ఆర్కైవ్స్‌కు చేరతాయి. ఆన్‌లైన్‌లో ఇంటిపేరు, కౌంటీ, సంవత్సరం కొడితే అసలు కాగితం బొమ్మ తెర మీదికొస్తుంది. పోయిన మనిషి వయసు, వృత్తి, తల్లిదండ్రుల పేర్లు, వాళ్లు పుట్టిన చోటు, ఖననం చేసిన శ్మశానం, వివరాలు చెప్పిన బంధువు పేరు, కింద డాక్టరు సంతకం అన్నీ అందులో ఉంటాయి. పైసా కట్టనక్కర్లేదు. ఈ పత్రాలకు పేర్ల సూచిక తయారు చేయడంలో వాలంటీర్ల కష్టం చాలా ఉంది.

మరణ పత్రం చెప్పని సంగతులు అక్కడి ఊరి వారపత్రికలోని నిధన వార్తల్లో దొరుకుతాయి. పోయినావిడ ఏ చర్చికి వెళ్లేది, కొడుకులు ఏ ఊళ్లలో స్థిరపడ్డారు, అంత్యక్రియలకు ఎవరెవరు వచ్చారు అన్నీ ఆ నిధన వార్తల్లో రాసేవారు. పాత వార్తల్లో వివాహితల సొంత పేరు తరచు కనిపించదు. భర్త పేరు ముందు 'మిసెస్' అని వేసేవారు కాబట్టి ఆయన పేరుతోనే వెతకాలి. మిస్సోరీ పత్రికల సంఘమే 1898లో రాష్ట్ర చరిత్ర సంఘాన్ని స్థాపించింది. చిన్న చిన్న కౌంటీల వారపత్రికలు సైతం అక్కడ మైక్రోఫిల్మ్ మీద భద్రంగా ఉన్నాయి.

ఇక మన సంగతి. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం 1970 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులోని 17వ సెక్షన్ ప్రకారం ఎవరైనా రిజిస్టరులో వెతికించుకోవచ్చు, ధ్రువపత్రం తీసుకోవచ్చు. కానీ వెతకడానికి సూచికేదీ? మునసబులు, కరణాలు రాసిన పుస్తకాలు 1984లో గ్రామాధికారుల వ్యవస్థ రద్దయ్యాక చేతులు మారాయి. తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, ఆ తర్వాత జిల్లాలు చీలాయి. పంచాయతీలో అడిగితే తహసీల్దారు ఆఫీసుకు వెళ్లమంటారు. అక్కడ బీరువాలో అట్టలు ఊడి, అంచులు చెదలు తిన్న పుస్తకాన్ని ఒక్కో పేజీ తిప్పాలి. సంవత్సరం కచ్చితంగా చెప్పలేకపోతే ఆ ఓపిక ఎవరికీ ఉండదు. చివరికి 'నాన్ అవైలబిలిటీ' సర్టిఫికెట్ చేతిలో పెడతారు.

ఈ తేదీలు ఊరికే తెలుసుకోవడానికి కావు. హిందూ వారసత్వ చట్టం 1956 జూన్ 17న అమల్లోకి వచ్చింది. ఇంటి యజమాని ఆ తేదీకి ముందు పోయాడా, తర్వాత పోయాడా అన్నదాన్ని బట్టి భార్యకు, కూతుళ్లకు వచ్చే వాటా మారుతుంది. తెలంగాణలో ఫౌతి (వారసత్వ బదిలీ) కింద పట్టా మార్చుకోవాలన్నా, ఆంధ్రలో మ్యుటేషన్ చేయించుకోవాలన్నా మొదట అడిగేది మరణ ధ్రువపత్రమే. తేదీ తేలక ఎక్కువగా నష్టపోతున్నది ఆడపిల్లలే.

పాత వివరాలు బయటపెడితే దొంగ వారసులు పుట్టుకొస్తారని కొందరి భయం. నిజానికి రికార్డు ఎవరికీ కనబడనప్పుడే దొంగ పత్రం చెల్లుతుంది. అందరికీ కనబడితే పక్కింటివాళ్లే పట్టేస్తారు. మరణ కారణం బయటికి పొక్కుతుందన్న అభ్యంతరానికి జవాబు చట్టంలోనే ఉంది. ధ్రువపత్రంలో ఆ వివరం ఇవ్వకూడదని అదే 17వ సెక్షన్ చెబుతోంది. మిస్సోరీలో కారణం కూడా కనిపిస్తుంది, మనం ఆ గడి మూసేస్తే సరి.

జిల్లాకో మండలంతో మొదలుపెట్టవచ్చు. 1970కి ముందటి పుస్తకాలను మొదట స్కాన్ చేయాలి, పాడవుతున్నవి అవే కాబట్టి. పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఊరు, తేదీ అనే నాలుగు గడులతో సూచిక తయారు చేయాలి. పాత చేతిరాత చదవగల రిటైర్డ్ ఉపాధ్యాయులు, రెవెన్యూ ఉద్యోగులు ఊరూరా ఉన్నారు. టైపు చేయడానికి ఎన్‌ఎస్‌ఎస్ విద్యార్థులున్నారు. పల్లె మనుషుల నిధన వార్తలు వచ్చే దినపత్రికల జిల్లా ఎడిషన్లను జిల్లా గ్రంథాలయాలు ఏటా బైండు చేయించి దాచాలి. వేటపాలెం సారస్వత నికేతనం 1918 నుంచి పాత పత్రికలను కాపాడుతూ వస్తోంది. ఒక ఊరి గ్రంథాలయం చేసిన పని జిల్లా గ్రంథాలయ సంస్థలకు అసాధ్యం కాదు. వచ్చే బడ్జెట్‌లో రెండు ప్రభుత్వాలూ దీనికి విడిగా నిధులు కేటాయించాలని, మీ పత్రిక ఈ విషయాన్ని వదలకుండా అడగాలని విన్నపం.

ఇట్లు,
మీ పాఠకుడు